సొంత విమానంలో బహామాస్‌కు: ఎవరికి ఏం చెప్పాలి, ఎందుకు చెప్పాలి

మయామీ బీచ్ నుంచి బహామాస్‌లోని బిమినీ దీవికి దూరం దాదాపు 45 నాటికల్ మైళ్లు. సెస్నా 172 లాంటి నాలుగు సీట్ల విమానం 110 నాట్ల వేగంతో, అంటే గంటకు 110 నాటికల్ మైళ్లు వెళ్తే అరగంట లోపే చేరుతుంది. ఫ్లోరిడాలో లైసెన్స్ తెచ్చుకున్న పైలట్లలో చాలామందికి మొదటి విదేశీ ప్రయాణం ఇదే. దూరం ఇంత చిన్నది కదా అని మొదలుపెడితే ఫ్లైట్ ప్లాన్, ప్రయాణికుల జాబితా, కస్టమ్స్ కబురు, రక్షణ జోన్, స్టిక్కర్, రేడియో లైసెన్స్ అంటూ ఒకదాని తర్వాత ఒకటి వచ్చిపడతాయి. చాలామంది ఇక్కడే టెన్షన్ పడి, ఎవరో ఇచ్చిన చెక్‌లిస్ట్ పట్టుకుని గుడ్డిగా టిక్కులు పెట్టుకుంటూ పోతారు.

నా ఉద్దేశంలో చెక్‌లిస్ట్ కంటే ముందు ఒక సంగతి అర్థం కావాలి. మీ విమానం గురించి ఆరా తీసే వ్యవస్థలు కనీసం మూడున్నాయి, అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. విమానయాన వ్యవస్థ అడిగేది ‘నువ్వు గాల్లో ఎక్కడున్నావు, సమయానికి రాకపోతే ఎక్కడ వెతకాలి’ అని. సరిహద్దు అధికారులు అడిగేది ‘లోపల ఎవరున్నారు, ఏం తెస్తున్నారు’ అని. రక్షణ వ్యవస్థ అడిగేది ‘రాడార్ మీద కనిపిస్తున్న ఈ చుక్క ఎవరిది’ అని. ఒకరికి చెప్పింది మరొకరికి చేరిపోతుందిలే అనుకోవడమే ఈ ప్రయాణంలో ఎక్కువ తప్పులకు మూలం. ఏ కాగితం ఎవరి ప్రశ్నకు జవాబో తెలిస్తే దేన్నీ మర్చిపోరు.

బయల్దేరే ముందు

అమెరికా నుంచి బయటికి వెళ్లే ప్రైవేట్ విమానం కూడా తన ప్రయాణికుల జాబితాను ముందే పంపాలి. దీనికి ‘ఈ-ఏపిస్’ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ఉంది. 2008లో నిబంధన వచ్చింది, 2009 మే 18 నుంచి తప్పనిసరి అయింది. బయల్దేరడానికి కనీసం 60 నిమిషాల ముందు పైలట్, ప్రయాణికుల పాస్‌పోర్ట్ వివరాలన్నీ అందులో చేరాలి. పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి, విడివిడిగా. పంపకపోయినా, తప్పుగా పంపినా మొదటిసారి 5,000 డాలర్ల వరకు, ఆ తర్వాత ప్రతిసారీ 10,000 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. ఫారం పంపగానే పని అయిపోయినట్టు కాదు. జవాబుగా వచ్చే ఈమెయిల్‌ను తెరిచి పూర్తిగా చదవాలి, బయల్దేరవచ్చో లేదో చెప్పేది అదే.

ఇక్కడ ఒక చిన్న చిక్కుంది. ఫ్లైట్ ప్లాన్‌లో సమయాలు యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడిగా ఉన్న సమయంలో రాస్తారు, ఈ-ఏపిస్‌లో స్థానిక సమయం రాస్తారు. ఫ్లోరిడా చలికాలంలో యూటీసీకి 5 గంటలు, వేసవిలో 4 గంటలు వెనక ఉంటుంది. బహామాస్ గడియారం కూడా ఫ్లోరిడాతో పాటే మారుతుంది కాబట్టి దీవుల వైపు తేడా లేదు, తేడా అంతా ఈ రెండు ఫారాల మధ్యే. రెండింటినీ ఒకేసారి కూర్చుని నింపితే ఒక సమయం మరో చోటికి జారిపోవడం చాలా తేలిక. నింపాక రెండు తెరలూ పక్కపక్కన పెట్టి సరిచూసుకోవడం మంచిది.

విమానానికి కావలసిన కాగితాలు మామూలు రోజుల్లో ఎవరూ అడగనివి కూడా ఉంటాయి. దేశం లోపల ఎగిరినంతకాలం చిన్న విమానానికి రేడియో స్టేషన్ లైసెన్స్ అక్కర్లేదు, దేశం దాటితే కావాలి. పైలట్‌కు వేరుగా రేడియో ఆపరేటర్ పర్మిట్ ఉండాలి. విమానం కొత్తగా కొన్నదై, చేతిలో తాత్కాలిక రిజిస్ట్రేషన్ కాగితమే ఉంటే విదేశానికి అది సరిపోదు. అద్దె విమానమైతే యజమాని అనుమతి పత్రం, అదీ నోటరీ చేయించింది దగ్గరుంచుకోవాలి. బీమా పాలసీలో బహామాస్ ప్రాంతం ఉందో లేదో చదవాలి. ఇది ప్రభుత్వం అడిగేది కాకపోవచ్చు, కానీ ఏదైనా జరిగితే అన్నిటికంటే ముందు గుర్తొచ్చేది ఇదే. తల్లిదండ్రుల్లో ఒకరే పిల్లల్ని తీసుకెళ్తుంటే రెండోవారి సమ్మతి పత్రం పెట్టుకోవాలి. తుపాకులు, తూటాల విషయంలో బహామాస్ చట్టం చాలా కఠినం. బ్యాగు అడుగున మర్చిపోయిన ఒక్క తూటా కూడా జైలు దాకా తీసుకెళ్లగలదు.

విమానం తోక మీద రాసిన నంబరు సంగతి కూడా ఉంది. పాత చిన్న విమానాల్లో చాలావాటి మీద 3 అంగుళాల అక్షరాలే ఉంటాయి, దేశంలో అవి చాలు. అమెరికా రక్షణ జోన్ దాటి రావాలంటే మాత్రం 12 అంగుళాల ఎత్తున ఉండాలి. తాత్కాలికంగా అంటించినా ఫర్వాలేదని నిబంధనే చెబుతుంది కాబట్టి రంగు టేపుతో అక్షరాలు కత్తిరించి అంటించేవాళ్లు ఎక్కువ. ఎదురుగా వచ్చి చూసే మరో విమానం దూరం నుంచే చదవగలగాలి, అందుకే ఆ సైజు.

నీళ్ల మీద

కాగితాల గోలలో పడి చాలా వ్యాసాలు నీళ్ల సంగతి ఒక పేరాతో సరిపెడతాయి. నాకు మాత్రం ప్రయాణంలో అసలు ఆలోచించాల్సింది అదే అనిపిస్తుంది. ఒకే ఇంజన్ ఉన్న విమానంలో ఇంజన్ ఆగితే ఎంత దూరం జారగలం అన్నది లెక్కేసి తెలుసుకోవాల్సిన విషయం. ‘ఏం కాదులే’ అనే ధైర్యంతో దాటేయదగ్గది కాదు.

సెస్నా 172 గాలి లేనప్పుడు ప్రతి 1,000 అడుగుల ఎత్తుకు సుమారు ఒకటిన్నర నాటికల్ మైళ్లు జారుతుంది. తూర్పుకు వెళ్లేటప్పుడు 9,500 అడుగుల్లో ఉంటే 14 మైళ్లకు పైగా వస్తుంది. ఫ్లోరిడా వైపు 14, బిమినీ వైపు 14 తీసేస్తే 45 మైళ్లలో ఏ తీరమూ అందని భాగం 17 మైళ్లే, అంటే 9 నిమిషాల చిల్లర. అదే విమానం, అదే దారి, 3,500 అడుగుల్లో వెళ్తే ఒక్కో వైపు 5 మైళ్ల చిల్లరే అందుతుంది. ఏ తీరమూ అందని సమయం 19 నిమిషాల దాకా పెరుగుతుంది. ఎత్తుకు ఎక్కడానికి అయ్యే కాస్త ఇంధనంతో ఆ ప్రమాదకరమైన సమయం సగానికి తగ్గుతోంది. కింద నీలిరంగు బాగా కనిపిస్తుందని తక్కువ ఎత్తులో వెళ్లేవాళ్లకు ఈ లెక్క ఒకసారి చూపించాలి.

ఇంజన్ పూర్తిగా ఆగకుండా గరగరమంటుంటే మరో లెక్క కావాలి: వెనక్కి తిరగాలా, ముందుకే పోవాలా? సగం దూరం దాటాక ముందుకే అనుకోవడం సహజం. కానీ ఈ సముద్రం మీద తూర్పు గాలి ఎక్కువ. ఎదురుగాలి 20 నాట్లు ఉంటే ముందుకు నేల మీది వేగం 90, వెనక్కి 130. అప్పుడు రెండు తీరాలకూ సమాన సమయం పట్టే చోటు సగం దగ్గర, అంటే 22.5 మైళ్ల దగ్గర ఉండదు. ఫ్లోరిడా నుంచి 26 మైళ్లు దాటాక వస్తుంది. అక్కడిదాకా ఇంటివైపు తిరగడమే త్వరగా చేరే దారి. ఈ అంకెను బయల్దేరే ముందే కాగితం మీద రాసుకోవాలి, గాల్లో కంగారులో వేసే లెక్క కాదు.

లైఫ్ జాకెట్లు వెనక సీటు కింద ఉంటే లేనట్టే. తలకిందులైన చిన్న క్యాబిన్‌లో వాటిని వెతుక్కునే సమయం ఉండదు, ఒంటికి తగిలించుకునే కూర్చోవాలి. గాలి నింపడం మాత్రం బయటికి వచ్చాకే. లోపలే నింపితే మనిషి పైకప్పుకు అతుక్కుపోయి తలుపు దాకా రాలేడు. లైఫ్ రాఫ్ట్ బరువే, అద్దెకూ దొరుకుతుంది, నేనైతే తీసుకెళ్లమనే చెబుతాను. 406 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే వ్యక్తిగత బీకన్‌ను, అంటే ఆపదలో ఉపగ్రహాలకు సంకేతం పంపే చిన్న పరికరాన్ని, పైలట్ జేబులోనే పెట్టుకోవాలి. పాత విమానాల్లో 121.5 మీద పనిచేసే ఎమర్జెన్సీ ట్రాన్స్‌మిటర్ ఉంటే ఉపగ్రహాలు దాన్ని వినవు, 2009 ఫిబ్రవరి 1తో ఆ సేవ ఆగిపోయింది.

దీవుల మధ్య

బహామాస్‌లో సుమారు 700 దీవులున్నాయి. మ్యాప్‌లో చూస్తే దగ్గర దగ్గరగా ఉన్నట్టుంటాయి కానీ రాజధాని నసావు నుంచి దక్షిణాన ఉన్న గ్రేట్ ఇనాగ్వాకు దాదాపు 320 నాటికల్ మైళ్లు. చిన్న విమానానికి మూడు గంటల ప్రయాణం. దేశం మొత్తంలో ఎత్తైన చోటు క్యాట్ ఐలండ్ మీది మౌంట్ అల్వెర్నియా, 63 మీటర్లే. కొండలు గుద్దుకునే భయం లేదు, అలాగే దూరం నుంచి గుర్తుపట్టడానికి కొండలూ లేవు. పొగమంచులాంటి తెల్లటి గాలిలో ఒక దీవి మరో దీవిలాగే కనిపిస్తుంది.

మొదట దిగే చోటు కస్టమ్స్, ఇమిగ్రేషన్ ఉన్న ఎంట్రీ ఎయిర్‌పోర్టే కావాలి. నసావు, ఫ్రీపోర్ట్, బిమినీ, మార్ష్ హార్బర్ లాంటివి ఇందులోకి వస్తాయి. ఒకప్పుడు సీ7ఏ అనే ఫారాన్ని చేత్తో నింపేవారు. ఇప్పుడు ఆ సమాచారం క్లిక్‌టుక్లియర్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి వెళ్తుంది. అక్కడ ఇచ్చే క్రూజింగ్ పర్మిట్ కాగితం ఉంటేనే మిగతా దీవుల్లో దిగే వీలుంటుంది, వెళ్లిపోయేదాకా దాన్ని జాగ్రత్తగా దాచుకోవాలి. ఫీజులు తరచూ మారుతుంటాయి కాబట్టి పాత వ్యాసాల్లోని అంకెలు నమ్మకుండా బహామాస్ ప్రభుత్వ సైట్‌లోనే చూసుకోండి. డబ్బు మార్చుకునే పని లేదు, బహామియన్ డాలర్ విలువ అమెరికా డాలర్‌తో సమానం, రెండూ చెల్లుతాయి.

రాత్రిపూట కంటిచూపు మీద ఆధారపడి ఎగరడానికి, అంటే వీఎఫ్ఆర్‌కు, బహామాస్‌లో అనుమతి లేదు. సూర్యుడు అస్తమించాక ఎగరాలంటే పరికరాలను మాత్రమే చూసి ఎగరగలనని చెప్పే ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉండి, అలా ఎగరడానికి వేసే ఐఎఫ్ఆర్ ప్లాన్ మీద వెళ్లాలి. ఇది వేధింపు నిబంధన అని కొందరు విసుక్కుంటారు, నేను ఒప్పుకోను. 1999 జులై 16 రాత్రి జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్ నడిపిన పైపర్ సారటోగా మసాచుసెట్స్ తీరంలో సముద్రంలో కూలిపోయింది. చీకట్లో నీళ్ల మీద కిందికి దిగుతుండగా ఆయన దిశాభ్రమకు లోనై విమానం మీద అదుపు కోల్పోయారని దర్యాప్తు తేల్చింది. చంద్రుడు లేని రాత్రి బహామాస్ దీవుల మధ్య చాలా చోట్ల ఒక్క దీపం కూడా కనిపించదు. ఆకాశం ఎక్కడ ముగిసి నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో చెప్పే గీతే ఉండదు.

ఇంధనం విషయంలో లెక్క మరీ ముఖ్యం. చిన్న పిస్టన్ ఇంజన్లకు కావలసిన ఏవ్‌గ్యాస్ కొద్ది దీవుల్లోనే దొరుకుతుంది. అక్కడ కూడా ‘ఇక్కడ దొరుకుతుంది’ అనేది ఒక మాట, ‘ఈరోజు ఉంది’ అనేది వేరే మాట. సరఫరా ఓడ ఆలస్యమైతే ట్యాంకు ఖాళీ. అందుకే ఒక్క రీఫిల్ కూడా లేకుండా వెళ్లి రావచ్చా అని చాలామంది చూస్తారు. ఫోర్ట్ లాడర్‌డేల్ నుంచి గ్రేట్ ఎగ్జుమా దీవి 280 నాటికల్ మైళ్లకు కాస్త తక్కువ. సెస్నా 172ఎస్‌లో వాడుకోగల ఇంధనం 53 గ్యాలన్లు, గంటకు 9 గ్యాలన్ల చొప్పున ఖర్చు. గాలి లేకపోతే రానుపోను 5 గంటల చిల్లర, 46 గ్యాలన్ల లోపు. కాగితం మీద సరిపోయింది.

ఇప్పుడు అదే 20 నాట్ల తూర్పు గాలి పెట్టండి. పోయేటప్పుడు నష్టపోయింది వచ్చేటప్పుడు కలిసొస్తుంది కదా అనిపిస్తుంది. కలిసిరాదు, ఎందుకంటే ఎదురుగాలిలో గడిపే సమయమే ఎక్కువ. మొత్తం 47 గ్యాలన్ల దాకా వెళ్తుంది. రెండుసార్లు పైకెక్కడానికి, నేల మీద ఇంజన్ నడపడానికి అయ్యేది కలిపితే మిగిలేది పగటిపూట చట్టం అడిగే 30 నిమిషాల నిల్వకు దగ్గర్లోకి వచ్చేస్తుంది. దారిలో ఒక ఉరుముల మేఘాన్ని చుట్టి రావలసి వస్తే అదీ ఉండదు. పైగా 53 గ్యాలన్లంటే దాదాపు 320 పౌండ్లు. విమానం మోయగలిగేది సుమారు 900 పౌండ్లు. మిగిలిన 580లోనే మనుషులు, సామాను, రాఫ్ట్ అన్నీ పట్టాలి. నలుగురు పెద్దవాళ్లతో నిండు ట్యాంకుతో వెళ్లడం ఆ విమానంలో కుదిరే పని కాదు. కాబట్టి ఎంట్రీకి నసావు లాంటి ఇంధనం ఖాయంగా దొరికే చోటును ఎంచుకుని, అక్కడే ట్యాంకు నింపుకుని ముందుకెళ్లడం తెలివైన పద్ధతి. బయల్దేరే రోజు ఉదయం ఫోన్ చేసి ఇంధనం ఉందో లేదో అడగాలి.

ఫోన్ చేయడం రన్‌వేలకూ వర్తిస్తుంది. 2019 సెప్టెంబర్ 1న డోరియన్ తుపాను అబాకో దీవుల మీద ఐదో కేటగిరీ బలంతో విరుచుకుపడింది, ఆ తర్వాత గ్రాండ్ బహామా మీద గంటల తరబడి కదలకుండా నిలిచింది. మార్ష్ హార్బర్, ఫ్రీపోర్ట్ విమానాశ్రయాలు నీట మునిగాయి. పాత గైడ్ పుస్తకంలో ఉన్న టెర్మినల్, పంపు, కస్టమ్స్ గది ఇప్పుడు అలాగే ఉంటాయని అనుకోకూడదు. హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబర్ 30 వరకు. ఆ నెలల్లో హరికేన్ లేని రోజు కూడా మధ్యాహ్నం ఉరుములతో వానలు మామూలే, అందుకే ఉదయమే ఎగిరి మధ్యాహ్నానికి దిగిపోతారు.

తిరుగు దారి

వెళ్లడం కంటే తిరిగి రావడమే కష్టం. దీని వెనక ఒక చరిత్ర ఉంది. 1970ల చివరి నుంచి కొలంబియాకు చెందిన కార్లోస్ లేడర్ ఎగ్జుమాలోని నార్మన్స్ కే దీవిని, అక్కడి రన్‌వేను చేతిలో పెట్టుకుని చిన్న విమానాల్లో కొకైన్‌ను అమెరికాకు చేరవేశాడు. ఆ దీవి పక్కన లోతు తక్కువ నీళ్లలో ఒక పాత కర్టిస్ సీ-46 విమానం శిథిలాలు ఇప్పటికీ పైనుంచి కనిపిస్తాయి. దక్షిణం నుంచి వచ్చే చిన్న విమానాన్ని అమెరికా కస్టమ్స్ ప్రత్యేకంగా చూడటానికి ఇలాంటి దొంగరవాణాయే కారణం. అలా వచ్చేవాళ్లు తమకు నచ్చిన చోట దిగలేరు, నిర్దేశించిన ఎయిర్‌పోర్టుల్లో ఒకదానిలోనే దిగాలి. ఫ్లోరిడాలో ఫోర్ట్ లాడర్‌డేల్, వెస్ట్ పామ్ బీచ్, ఫోర్ట్ పియర్స్, కీ వెస్ట్ లాంటివి అవి.

ఇప్పుడు ముందు చెప్పిన మూడు ప్రశ్నలూ ఒకేసారి ఎదురవుతాయి. సరిహద్దు అధికారులకు ఈ-ఏపిస్ జాబితా వెళ్లాలి. అది కాక దిగబోయే ఎయిర్‌పోర్ట్ కస్టమ్స్ ఆఫీసుకు నేరుగా ఫోన్ చేసి, ఎన్ని గంటలకు వస్తున్నారో చెప్పి ఒప్పించుకోవాలి. జాబితా పంపాం కదా, వాళ్లకు తెలుసులే అనుకుంటే పొరపాటు. ఎవరితో మాట్లాడారో ఆ అధికారి పేరో గుర్తింపు అక్షరాలో రాసుకోవడం పాత పైలట్ల అలవాటు, అది మంచి అలవాటు. దీవుల్లో ఇంటర్నెట్ ఎప్పుడు ఉంటుందో చెప్పలేం, కాబట్టి తిరుగు ప్రయాణపు ఈ-ఏపిస్ కూడా ఫ్లోరిడాలో ఉండగానే పంపేసి, సమయం మారితే తర్వాత సవరించుకోవచ్చు. విమానానికి ఏటా కొనే కస్టమ్స్ స్టిక్కర్ కూడా ముందే తెప్పించుకోవాలి.

రక్షణ వ్యవస్థకు ఇవన్నీ పట్టవు. ఫ్లోరిడా తీరానికి ఎదురుగా సముద్రం మీద ‘ఏడిజ్’ అనే గుర్తింపు జోన్ ఉంది. దాన్ని దాటాలంటే ఐఎఫ్ఆర్ ప్లాన్ గానీ, కంటిచూపుతో ఎగిరేవాళ్లు ఈ జోన్ కోసం వేసే డీవీఎఫ్ఆర్ అనే ప్రత్యేక ప్లాన్ గానీ ఉండాలి, విమానం కోడ్‌నూ ఎత్తునూ రాడార్‌కు చెప్పే ట్రాన్స్‌పాండర్ అనే పరికరం పనిచేస్తుండాలి, జోన్‌లోకి రాకముందే రేడియోలో అడిగి తమకే కేటాయించిన నాలుగంకెల కోడ్ పెట్టుకోవాలి. మామూలు వీఎఫ్ఆర్ కోడ్ 1200తో లోపలికి వస్తే రాడార్ మీద పేరులేని విమానమే అవుతారు. ఎదురుగా ఫైటర్ జెట్ వచ్చి పక్కన నిలవడం ఊహించడానికి కూడా బాగుండదు. తక్కువ ఎత్తులో ఉంటే బహామాస్ మీదుగా రేడియో అందకపోవచ్చు, నాలుగు వేల అడుగుల పైకి ఎక్కి అడిగితే దొరుకుతుంది. ఈ కారణంగానే, రేటింగ్ ఉన్న పైలట్లు వాతావరణం ఎంత బాగున్నా తిరుగు దారి ఐఎఫ్ఆర్ మీదే వస్తారు. కోడ్, రాడార్, ప్లాన్ ముగింపు మూడూ ఒకే కంట్రోలర్ చేతిలో ఉంటాయి. రేటింగ్ తెచ్చుకోవడానికి ఇంకో కారణం కావాలనుకునేవాళ్లకు ఇది చాలా గట్టి కారణం.

సమయపాలన ఇక్కడ ముఖ్యం. చెప్పిన సమయానికి ముందే వచ్చేస్తే కస్టమ్స్ వాళ్లు దాన్ని తీవ్రంగా తీసుకుంటారు. ఆలస్యమైతే రేడియోలో చెప్పి వాళ్లకు కబురు పంపమనాలి. దిగాక నేరుగా కస్టమ్స్ గుర్తు దగ్గరికి వెళ్లి ఇంజన్ ఆపాలి. అధికారి రమ్మనేదాకా ఎవరూ దిగకూడదు, సామాను దించకూడదు, పక్కనే బాత్రూమ్ ఉన్నా పిల్లల్ని పంపకూడదు.

డీవీఎఫ్ఆర్ మీద వచ్చినవాళ్లకు ఒక పని మిగిలే ఉంటుంది. ఆ ప్లాన్‌ను ఎవరూ వాళ్ల తరఫున మూసేయరు, పైలటే మూయాలి. చెప్పిన సమయం దాటి అరగంటకు మూయకపోతే మీ కోసం వెతుకులాట మొదలవుతుంది. కస్టమ్స్ హాల్లో ఫోన్ వాడనివ్వరు, క్యూ ఉంటే అరగంట తేలికగా గడిచిపోతుంది. అందుకని ఎయిర్‌పోర్ట్ కనుచూపులోకి వచ్చాక ఫ్లైట్ ప్లాన్లు చూసుకునే ఫ్లైట్ సర్వీస్‌ను రేడియోలో పిలిచి అక్కడే మూయించుకోవడం, లేదా రన్‌వే దిగి ఇంజన్ ఆపకముందే టవర్‌ను ఆ మాట అందించమని అడగడం మేలు.